పడమటి గోడకు ఐవీ తీగ

జూన్ నెల మూడో ఆదివారం. ఉదయం ఆరున్నర. చోటు: ప్రొద్దుటూరులో మా ఇంటి పడమటి గోడ. ఉన్నవారు: నేను, నా భార్య, మా అక్క, జమ్మలమడుగు నుంచి మొక్కలు తెచ్చిన నర్సరీ ఆయన. మొత్తం నలుగురు. తొట్లు మూడు.

ఆ రోజు డైరీ పేజీ ఇట్లా మొదలవుతుంది. గుమాస్తాగా ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నాకిది అలవాటు. ముందు తేదీ, తర్వాత చోటు, తర్వాత ఎవరెవరు ఉన్నారు, ఆ తర్వాతే సంగతి. ఆఫీసులో ముప్పై ఏళ్లకు పైగా పంచనామాలు రాసినవాడికి సొంత జీవితాన్ని కూడా వేరే విధంగా రాయడం చేతకాదు.

ఆనాటి సంగతి ఇది. పడమటి గోడకు నాలుగోసారి తీగ ఎక్కించాలి. అంతకుముందు మూడుసార్లు ఎక్కించాను, మూడూ చచ్చాయి. గోడ వెనుక గది మా అక్కది. మధ్యాహ్నం నుంచి ఎండ తిన్న గోడ, అన్నం తిని పడుకునే వేళకు కూడా పెనంలాగా కాలుతుంది. సున్నం కొట్టించాము, తడకలు కట్టాము. కూలర్ పెడితే ఆ చెమ్మ గాలికి అక్క మోకాళ్లు పట్టేశాయి. ఏసీ పెట్టిస్తే నాలుగు రోజులకే ఆఫ్ చేయమంది. ఈ ఎండాకాలం దాటాక ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. పులివెందులలో ఆమె మరిది ఇల్లు పాత మట్టి మిద్దె. మే నెలలో కూడా తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవాలట. సోమవారం ఉదయం ఏడు గంటల బస్సుకు అక్కడికి వెళ్లిపోతానని చెప్పింది. బ్యాగు సర్దుకుని మంచం కింద పెట్టుకుని అప్పటికే మూడు రోజులైంది. వెళ్లిందంటే ఆ వయసులో మళ్లీ రాదు. అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

మా అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు, అక్కకు పదిహేడు. మరుసటి ఏడు చెన్నూరుకు కోడలిగా పోతూ నన్ను వెంట తీసుకుపోయింది. అత్తగారింటికి తమ్ముణ్ని చంకనేసుకుని వచ్చిన కోడలని ఆ ఊరి ఆడవాళ్లు చాలా రోజులు నవ్వారు. బావవాళ్లకు పెన్నా ఒడ్డున తమలపాకు తోట ఉండేది. అక్క ఆ తోటలో ఆకు కోసి, కట్టలు కట్టి, నన్ను చదివించింది. నన్ను మాత్రం తోట లోపలికి పనికి రానిచ్చేది కాదు. గట్టు మీద కూర్చోబెట్టి పుస్తకం చేతికిచ్చేది. నాలుగేళ్ల కిందట బావ పోయాక, తోట కౌలుకిచ్చి, చిన్న పెట్టె ఒకటి తెచ్చుకుని మా ఇంటికి వచ్చింది. ఇంట్లో అన్నిటికన్నా పెద్ద గది, స్నానాల గది ఆనుకుని ఉన్న గది ఆమెకే ఇచ్చామని నేను నలుగురితో చెప్పుకున్నాను. అదే పడమటి గది.

ఇక ఐవీ ఎందుకంటే, జమ్మలమడుగులో నేను తొలుత పనిచేసిన ఆఫీసు తెల్లదొరల కాలం నాటి రాతి బంగళా. దాని గోడ ఒకటి కింది నుంచి పైదాకా ఐవీతో నిండి ఉండేది. ఆ గోడ అవతల రికార్డు గది. బయట నిప్పులు కురుస్తున్నా అందులో చెమట పట్టేది కాదు. ఆకు అరచేయంత, అయిదు కోణాలు, ముదురు పచ్చ, ఈనెలు పాలిపోయిన పసుపు. ఇవన్నీ అప్పటి నా డైరీలో ఉన్నాయి. ఆ ఆకు దొరికితే ఆ చల్లదనం కూడా దొరుకుతుందని నా లెక్క.

మొదటిసారి అచ్చంగా ఆ ఆకే వెదికి తెచ్చాను. నెలన్నరకు అంచుల నుంచి గోధుమ రంగు పాకి, ముట్టుకుంటే పొడి అయింది. రెండోసారి తెల్ల అంచు ఆకు తెచ్చాను. తెలుపు ఎండను తిప్పికొడుతుందనుకున్నాను. ఏప్రిల్‌లో ముందుగా కాలింది ఆ తెలుపే. మూడోసారి బొటనవేలి గోరంత ఆకున్న పాకుడు తీగ. అది ఐవీ కాదని తర్వాత తెలిసింది. అది గోడను పట్టుకుని నడుమెత్తు దాకా ఎక్కింది. మే రెండో వారంలో ఒకరోజు చూస్తే గోడ మీద అప్పడాలు ఆరబెట్టినట్టు ఉంది. మూడింటి ఆకులూ మూడు డైరీల్లో అంటించి, కింద నాటిన తేదీ, పోయిన తేదీ రాశాను. వదిలేసే ఆలోచన మాత్రం ఒక్కసారీ రాలేదు. గోడ అక్కడే ఉంది, ఎండ అక్కడే ఉంది, అక్క ఉండాలి. తీగ దొరకాలి.

ఆదివారం నర్సరీ ఆయన మూడు తొట్లను గోడ నీడలో వరుసగా పెట్టాడు. మొదటిది అయిదు కోణాల పెద్ద ఆకు. రెండోది తెల్ల అంచుది. మూడోది చిన్న ఆకు, కొంచెం నలుపు కలిసిన పచ్చ, కాడ ఊదా రంగు.

"ఆకు చూసి ఎంచుకోండి సార్. మూడూ ఐవీలే. ఈ తెల్లంచుది శానా మంది అడుగుతాండారు," అన్నాడు.

"మా ఆయన కూడా దాన్నే అడుగుతాడు చూడు. కాలిపోయినా బుద్ధి రాలేదు," అంది నా భార్య.

నిజం చెప్పాలంటే నా కళ్లు దాని మీదే ఉన్నాయి. చేతిలో స్కేలు ఉంది. ఒక్కో తొట్టిలో మూడేసి ఆకుల పొడవు, వెడల్పు కొలిచి రాసుకుంటున్నాను. అక్క మెట్టు మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తూ చాలాసేపు నన్ను చూసింది.

"ఏందిరా, ఆకుకు చొక్కా కుట్టించాలనుకుంటాండావా?" అంది.

నర్సరీ ఆయన నవ్వాడు. "నువ్వు చెప్పవ్వా, ఏది బాగుండాదో."

"నేను నీకు అవ్వనా? నీ నెత్తి నాకంటే తెల్లగుండాది. ఇట్ల తే ఆ తొట్లు."

తొట్లు ఆమె ముందుకు చేరాయి. ఆమె ఆకు పైభాగం చూడనే లేదు. ఒక్కో ఆకును వెనక్కి తిప్పి, బొటనవేలితో ఈనె వెంబడి తొడిమ దాకా నిమిరింది. తర్వాత ఆకును తుంచకుండానే, చెవి దగ్గరగా వంచి నిలువునా మడిచింది. చెన్నూరులో ఆకు బేరానికి వచ్చినవాళ్లు కట్ట మధ్య నుంచి ఒక ఆకు లాగి ఇట్లాగే మడిచేవాళ్లు. చిన్నప్పుడు గట్టు మీద నుంచి ఎన్నోసార్లు చూశాను. ఆకు లేతో ముదురో ఆ చప్పుడే చెప్పేది.

పెద్ద ఆకు మడవగానే టప్పుమని విరిగింది. "దీని ఒంటినిండా నీళ్లే. ఎండకు వాడిపోతాది," అంది. తెల్ల అంచుది మడిస్తే చప్పుడు రాలేదు, కానీ మడత గీత అట్లాగే పడిపోయింది. "ఇది పెండ్లికూతురు. ముస్తాబే గాని బలం ల్యా." మూడోది మడిచి వదిలితే మెల్లగా మళ్లీ విచ్చుకుంది. ఆమె దాన్ని రెండుసార్లు మడిచింది, రెండుసార్లూ విచ్చుకుంది. అలవాటుగా చెయ్యి నోటి దగ్గరికి పోయింది.

"అమ్మా! అది నోట్లో పెట్టొద్దు, మంచిది కాదు!" అని నర్సరీ ఆయన అరిచాడు.

"ఇప్పుడు అమ్మనైనా?" అని ఆకు వదిలేసింది. "ఇది బతుకుతాది. తోలు మందం, వెనక ఈనె గట్టి. కానీ ఈ గోడకు బతకదు."

నేను స్కేలు కింద పెట్టాను. "బతుకుతాదంటావు, బతకదంటావు. ఏందక్కా?"

"నువ్వు చెప్పే ఆ జమ్మలమడుగు గోడ ఏ దిక్కుదిరా?"

నలభై ఏళ్ల కిందటి ఆకు ఈనెల రంగు చెప్పగలను. గోడ ఏ దిక్కున ఉందో చెప్పలేకపోయాను.

"రాసుంటాది. చూసొస్తా," అని లేచాను.

డైరీలు ఉండేది ఉత్తరం వైపు చిన్న గదిలో. దానికి ఎండ తగలదు. వెనుక పక్కింటివాళ్ల వేపచెట్టు ఉంది. డైరీలు నలభై ఆరు, సంవత్సరాల వరుసలో. ఆ గది తాళం నా దగ్గరే ఉంటుంది. నేను కావలసిన డైరీ తీసి పేజీలు తిప్పుతున్నాను. అక్క గుమ్మం దాటి లోపల నిలబడి ఉందని కొంచెంసేపటికి గాని గమనించలేదు. నాలుగేళ్లలో ఆమె ఆ గది లోపలికి రావడం అదే మొదటిసారి.

దిక్కు రాయలేదు. ఆకు కొలతలు ఉన్నాయి, రంగు ఉంది, తీగ ఎత్తు ఉంది. నాలుగు పేజీల తర్వాత ఒక వాక్యం కనబడింది: ‘ఐవీ గోడ పక్కన చింతచెట్టు కింద అందరం భోజనం చేశాము. రెండు గంటలకు కూడా నీడ కదలలేదు.’

గట్టిగా చదివాను. చదువుతుండగానే నాకు అర్థమైంది.

"చింతచెట్టు గోడకు నీడ ఇచ్చింది, గోడ తీగకు ఇల్లిచ్చింది," అంది అక్క. "నువ్వేమో తీగను తెచ్చి నీడ ఇయ్యమంటాండావు. చెన్నూరులో తోట ఎట్ల ఏసేటోళ్లము? ముందు అవిశె చెట్లు. అవిశె మనిషెత్తు అయి నీడ పరిచినాకనే తమలపాకు తీగ నాటేది. ఏడేళ్లు గట్టు మీద కూచుని ఏం చూస్తివిరా?"

"నువ్వు నన్ను పుస్తకం చూడమంటివి గదక్కా."

"అదీ నిజమేలే," అంది. తర్వాత గోడకు అరచెయ్యి ఆనించింది. "ఈడ ఎంత సల్లగుండాదిరా."

ఆమె చూపు డైరీల వరుస వెంబడి పోయింది.

"కాగితాలకు సల్లని గది. మనిషికి పొయ్యి," అంది. కోపంగా అనలేదు. బియ్యంలో రాయి తీసి పక్కన పెట్టినట్టు అంది. అని వెళ్లిపోయింది.

నేను డైరీ మూసి ఆ గదిలోనే కూర్చున్నాను. ఎండకు అట్టల జిగురు ఊడుతుందని, కాగితం పెళుసు బారుతుందని డైరీలను ఈ గదిలో పెట్టాను. ఇల్లు కట్టినప్పటి నుంచి అవి ఇక్కడే ఉన్నాయి. అక్క వచ్చినప్పుడు ఏ గది ఇవ్వాలని ఆలోచించిన రోజు కూడా ఈ గది నా లెక్కలోకి రాలేదు. ఆ రోజు పేజీ తీసి చూశాను. ‘అక్కకు పెద్ద గది ఇచ్చాము’ అని ఉంది. కింద గీత కూడా గీసుకున్నాను.

బయటకు వచ్చేసరికి నర్సరీ ఆయన తొట్లు ఎత్తుతున్నాడు. చిన్న ఆకుదాన్ని ఉంచమన్నాను. అవిశె గింజలు కావాలని అడిగాను.

"సాయంత్రం జమ్మలమడుగు బస్సులో కండక్టరుకిచ్చి పంపిస్తా సార్. నీడొచ్చేదాక తీగను తొట్లోనే ఉంచండి, ఉత్తరం కిటికీ కాడ. గ్యారంటీ మాత్రం అడగొద్దు. ఇది సల్లని దేశాల చెట్టు. కాకుంటే అవిశె కింద అయితే నాకు కూడా నమ్మకం ఉండాది."

నా భార్యకు ఒక సందేహం వచ్చింది. "అవిశె నీడనిస్తే గోడ ఎట్లాగూ చల్లబడుతుంది కదా. ఇంక తీగ ఎందుకు?"

అక్క మెట్టు మీద నుంచే చెప్పింది. "అవిశె నాలుగేండ్ల చెట్టుమ్మే. అది పోయేలోగా తీగ గోడంతా పట్టుకోవాల. అయినా ఇవన్నీ నాకెందుకు? రేపు ఏడు గంటల బస్సుకు నేను పోతాండా."

ఆ మాట విన్నాక నేను ఎవరినీ అడగలేదు. లోపలికి వెళ్లి మొదటి వరుస డైరీలు ఎత్తుకున్నాను.

"ఏం చేస్తాండావురా?" అంది అక్క, నేను ఆమె గదిలోకి పోతుంటే.

"గది మారుస్తాండా. ఇవీ నేనూ పడమటికి. నువ్వు ఉత్తరానికి."

"నీ గది నాకొద్దు. తమ్ముణ్ని ఎండలోకి తోసి నేను నీడన పండుకునేదానినా?"

"నువ్వు నాలుగేండ్లు పండుకున్నావు గదా అక్కా. నాకేం కాదు."

"జిగురు ఊడుతాదిరా. నువ్వే చెప్తుంటివి గదా."

"దారంతో కుట్టుకుంటా."

ఆమె తలుపుకు అడ్డంగా నిలబడింది. నేను డైరీలు పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాను. బరువుకు ముందుకు తూలాను. చివరకు ఆమె పక్కకు జరిగింది. ఒప్పుకుని కాదు, నేను కింద పడతానని. మధ్యాహ్నం భోజనం లోపల పదకొండుసార్లు తిరిగాను. డైరీల బీరువా కదిలించేటప్పుడు నా భార్య ఒక వైపు సాయం పట్టింది.

"ఈ గదిలో నన్ను ఒక్క చీర పెట్టుకోనియ్యలేదు. పురుగులొస్తాయంటివి. ఇప్పుడు చూడు, మొత్తం సంసారం కదిలింది," అని నవ్వింది.

సాయంత్రానికి అక్క మంచం ఉత్తరం గదిలో పడింది. స్నానాల గది దూరమవుతుందని గోడ పొడుగునా చేత్తో పట్టుకోవడానికి తాడు కట్టాను. ఐవీ తొట్టి కిటికీలో పెట్టాను. అయిదున్నరకు బస్టాండుకు పోయి కండక్టరు దగ్గర గింజల పొట్లం తీసుకుని వచ్చాను. అక్క పొట్లం విప్పి చూసింది, రెండు గింజలు అరచేతిలో వేసుకుని నలిపింది, మళ్లీ మడిచి పెట్టింది. అదే సమయానికి పులివెందుల నుంచి ఆమె మరిది ఫోన్ చేశాడు.

"ఆఁ, ఏడు గంటల బస్సే," అని ఆమె చెప్పడం నేను వరండాలో నుంచి విన్నాను.

ఆ రోజు పేజీలో ఇంతవరకే రాశాను. చివర ‘అక్క వెళ్లేటట్టే ఉంది. అయినా గది మార్చడం మార్చడమే. అవిశె నాటడం నాటడమే’ అని రాసి సంతకం చేశాను. డైరీలో సంతకం చేసే అలవాటు నాకు లేదు. ఆ రోజు చేశాను.

మరుసటి ఉదయం అయిదున్నరకు పడమటి గదిలో లేచాను. పక్కబట్టలు చెమటకు తడిసి ఉన్నాయి. నాలుగేళ్లు ఆమె ఎట్లా పడుకుందో ఒక్కరోజుకే తెలిసింది. ఉత్తరం గదిలోకి తొంగి చూశాను. మంచం ఖాళీ. దుప్పటి మడిచి ఉంది. మంచం కింద బ్యాగు లేదు.

వీధి గుమ్మంలోకి వచ్చాను. బ్యాగు మెట్టు మీద ఉంది. జిప్పు తీసి ఉంది. రెండు చీరలు బయటకు తీసి పక్కన పెట్టి ఉన్నాయి. చెప్పులు మాత్రం మెట్టు దగ్గర లేవు. గోడ మలుపులో, పడమటి వైపు తిరిగేచోట, జతగా విడిచి ఉన్నాయి.

అక్క గోడ వెంబడి గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో చిన్న పార. చెన్నూరు నుంచి తెచ్చుకున్నదే. బ్యాగులో చీరల అడుగున సర్దుకున్నట్టుంది, దానికోసమే బ్యాగు విప్పింది. పక్కన తడిగుడ్డ మూట. గింజలు రాత్రే నానబెట్టింది.

నేను దగ్గరికి పోబోయాను.

"చెప్పులిడిసి రారా! తోటలోకి చెప్పులతో వస్తారా ఎవురన్నా?"

చెన్నూరులో తమలపాకు తోటలో ఎవరూ చెప్పులతో అడుగు పెట్టరు. అది దేవుడి గది లెక్క. మా ఇంటి సందులో ఇంకా ఒక్క మొక్క కూడా లేదు. చెప్పులు విడిచి ఆమె చెప్పుల పక్కన పెట్టాను.

"బస్సుకు టైమవుతుంది అక్కా," అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"మీ బావ తమ్మునికి ఫోన్ చేసి చెప్పు. ఇది మొలిచి నీడ పట్టేదాక నాకు తీరదని. నీకు వదిలేస్తే దీనికి కూడా చచ్చిన తేదీ రాస్తావు." గింజలు కొన్ని నా చేతిలో పోసింది. "మూరకొకటి పెట్టు. లోతు వద్దు, వేలి కణుపంత."

నేను లోపలికి తిరిగాను.

"యాడికి?"

"టేపు తెస్తా."

"టేపు యాలరా? చెయ్యి లేదా నీకు?"

ఆమె నా మణికట్టు పట్టుకుని కిందికి లాగింది. గోడ మొదట్లో మోకాళ్ల మీద కూర్చున్నాను. మోచెయ్యి నేలకు ఆనించి వేళ్లు చాపాను. వేలి కొన దగ్గర ఆమె పార మొనతో ఒక గీత గీసింది. మట్టి ఇంకా చల్లగానే ఉంది.